చేపలకు పొంతన పత్రం

ఇంట్లో పెంచే చేప చచ్చిందంటే, ఆ ఇంటివాళ్ళ మీదికి రావలసిన కీడును అది తన మీద వేసుకొని పోయిందని అర్థం. ఈ సత్యం ఏ శాస్త్రంలో ఉందో చూపినవాళ్ళు లేరు గాని, మదరాసు తొండియార్‌పేటలో దీన్ని కాదన్నవాళ్ళూ లేరు. చేప చచ్చి మనిషి బాగుంటే నమ్మకం నిజమైనట్టు. చేప చచ్చి మనిషి కూడా మంచాన పడితే, కీడు ఒక్క చేప మోయగలిగినంత చిన్నది కాదన్నట్టు. చేప చావకుండా మనిషి బాగుంటే కీడు ఇంకా దారిలో ఉన్నట్టు. ఏ వైపు నుంచి పొడిచినా చిల్లు పడని ఇంత గట్టి సిద్ధాంతాన్ని, జీవితమంతా భౌతికశాస్త్రం బోధించి రిటైరైన వరదయ్య తన వృత్తిలో ఎన్నడూ చూడలేదు. భూమ్యాకర్షణకైనా ఇంత రక్షణ లేదని ఆయన అనేవాడు.

వరదయ్యది తరతరాలుగా పప్పుల టోకు వ్యాపారం చేసిన కుటుంబం. అందులో ఆయన ఒక్కడే పప్పు వదిలి పుస్తకం పట్టుకున్నాడు. ఎవరే మాట చెప్పినా "ఇది అబద్ధమైతే ఎలా తెలుస్తుంది?" అని అడగడం ఆయన అలవాటు. ఈ కారణంగా బంధువులు ఆయనను పెళ్ళిళ్ళకు పిలవడం మానలేదు గాని, ముహూర్తం దాటాక భోజనాల వేళకు రమ్మని పిలిచేవారు.

రెడ్ హిల్స్ చెరువు ఎండి నెర్రెలిచ్చిన పందొమ్మిది వందల ఎనభై మూడులో ఆయన రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరాయి. మొదట అక్షరాలు చీమలయ్యాయి. తరువాత చీమలు కలిసి గీత అయ్యాయి. ఆ మీదట పుటకు పుటే ఒక తెల్లని గోడ అయింది. గోడనిండా పుస్తకాలున్న ఇంట్లో ఆయన మిక్కిలి పేదవాడుగా కూర్చున్నాడు. కంటి ఆసుపత్రిలో పేరు నమోదైంది. వంతు వచ్చినప్పుడు కార్డు వస్తుంది. కార్డులోని తేదీకి రాకపోతే పేరు వరుస చివరికి పోతుంది. ఆ వరుస చివర ఎక్కడుందో ఆసుపత్రికే తెలియదు. శస్త్రచికిత్సకు సమ్మతి సంతకం రోగి కాక ఇంటివారు పెట్టాలి. (సంతకం ఎక్కడ పెట్టాలో కనిపించే రోగికి ఆపరేషను అవసరం లేదని నిబంధనలో భావం.)

ఇంటివారంటే ఆయన భార్య వాసవాంబ. ఆమె ఆసుపత్రికి అడ్డు చెప్పలేదు. చేపల తొట్టి మాత్రం ఒకటి కావాలంది. ఆమె అన్న గోపాలయ్య ఏదో ఊరి శిబిరంలో కంటికి ఆపరేషను చేయించుకొని, ఉన్న చూపు కూడా పోగొట్టుకొని వచ్చాడు. గోపాలయ్య ఇంట్లో చేపలు లేవు. వాళ్ళింట్లో హార్మోనియం కూడా లేదని వరదయ్య గుర్తు చేశాడు.

"దానికీ దీనికీ ముడి పెట్టబాకండి" అంది వాసవాంబ. "హార్మోనియం చస్తుందా?"

ఇది కొంతవరకు సరైన ప్రశ్నే అని వరదయ్య ఒప్పుకున్నాడు. ఒప్పుకొని, తొట్టిని ఒక ప్రయోగంగా స్వీకరించాడు. చేపలను తాను ఎంపిక చేస్తాడు. పొసగే జాతులను పొసగే లెక్కన కలిపితే చేప చావదు. చేప చావదు, కన్నూ వస్తుంది. అప్పుడు తొండియార్‌పేట ఏమంటుందో చూడాలని ఆయన కోరిక.

మూర్ మార్కెట్టు వెనక వరుసలో రంగు చేపలు అమ్మే అంతోని వ్యాసర్పాడి మనిషి. అతని దుకాణంలోని చేపలన్నీ సాధువులే. గంటసేపు బేరంలో వరదయ్య ఏ సీసా చూపినా "అది పచ్చి సాధువు సార్, పక్కన ఏముందో కూడా చూడదు" అన్నాడు. విడిగా ఒక్కొక్క సీసాలో ఒక్కొక్కటిగా పెట్టిన పోట్లాట చేపలను చూపి, సాధువులైతే వీటిని విడిగా ఎందుకు పెట్టావని వరదయ్య అడిగాడు. అవి ధ్యానానికి ఏకాంతం కోరుకుంటాయని అంతోని చెప్పాడు. మూతులు ఆనించుకొని ఉన్న రెండు తెల్ల గౌరామి చేపలను చూపి, మొగుడూ పెళ్ళాల ఒద్దిక అంటే అదీ అన్నాడు. అవి ముద్దాడుకోవడం లేదని, ఈ చోటు నాదంటే నాదని మూతులతో నెట్టుకుంటున్నాయని వరదయ్య ఎన్నడో చదివాడు. ఆ మాటే చెప్పాడు. అంతోని కాసేపు ఆలోచించి, ఎవరింట్లోనైనా అంతేగదా సార్ అన్నాడు.

చివరికి వరదయ్య, వెంట వచ్చిన వాసవాంబ చేత కొలతలు చెప్పించుకొని, తన సూత్రం ప్రకారమే ఎంచాడు. ఒక చేప నోట్లో పట్టేది ఏదో ఒకనాడు ఆ నోట్లోకే పోతుంది. కాబట్టి మొదట నోళ్ళు కొలవాలి, స్వభావాలు తరువాత. నీళ్ళ పై అంతస్తుకు కొన్ని, నడిమి అంతస్తుకు కొన్ని, అడుగుకు కొన్ని ఉండాలి. ఎవరి అంతస్తులో వాళ్ళు తిరిగితే తగాదా పుట్టదు. పైన తిరగడానికి ఒక జత చిన్న ముత్యాల గౌరామి, అడుగున ఏరుకు తినడానికి రెండు బుజ్జి జెల్లలు, గాజుకు పట్టే పాకుడు నాకడానికి నత్తలు కుదిరాయి. నడిమి అంతస్తుకు ఆరు నల్ల టెట్రాలు తీసుకున్నాడు. వెండి ఒంటికి నల్ల పమిట కప్పుకున్నట్టుండే చిన్న చేపలవి. గుంపుగా ఉంటేనే ధైర్యంగా తింటాయి.

వాటి పూర్తి పేరేమిటని వాసవాంబ అడగడంతో చిక్కు వచ్చింది.

"బ్లాక్ విడో టెట్రా అమ్మా" అన్నాడు అంతోని.

ఇంగ్లీషు చదవడం రాకపోయినా, మదరాసులో పుట్టి పెరిగిన మనిషికి విడో అంటే తెలియకుండా ఉండదు. పెన్షను ఆఫీసు గుమ్మాలన్నింటి దగ్గరా ఆ మాటే వినిపిస్తుంది. వాసవాంబ చేతిసంచి చంకన పెట్టుకొని దుకాణం మెట్టు దిగింది. మొగుడు ఆపరేషనుకు పోబోతూ ఉంటే ఆరుగురు విధవలను ఇంటికి తెచ్చుకునే ఆడది ఎవరైనా ఉంటుందా అని, అంతోనిని గాక, మార్కెట్టును అడిగింది.

అంతోని తొట్రుపడలేదు. "అది దొరలు పెట్టిన పేరమ్మా. దొరలు పోయినారు గదా. ఇప్పుడు దాని పేరు సుమంగళి" అన్నాడు.

వాసవాంబ మెట్టు ఎక్కింది. ఆరు సుమంగళులు ఇంటికి వచ్చాయి.

ఇక నీళ్ళు. ఆ ఏడు తొండియార్‌పేటలో కొళాయి తిప్పితే గాలి వచ్చేది. వీధికి లారీ వస్తే మనిషికిన్ని బిందెలని పట్టుకోవాలి. చేపలకు అదనంగా బిందె కావాలంటే ఉత్తర మదరాసు గృహ జలచర పోషకుల సంఘం నుంచి పత్రం తేవాలి. పరస్పరం కలహించుకొని నశించబోయే ప్రాణులకు ప్రజల నీళ్ళు పోయరాదన్న సూత్రం మీద, తొట్టిలోని చేపలకు పొత్తు కుదురుతుందని ఆ సంఘం ధ్రువీకరించాలి. (లారీ వెనక బిందెలతో కొట్టుకునే మనుషులకు ఈ సూత్రం వర్తింపజేయలేదు.)

సంఘం ఆఫీసు ఒక పప్పుల మండీ మీద మేడగది. కార్యదర్శి కోదండరాం రైల్వే గూడ్సు షెడ్డులో పనిచేసి రిటైరైనవాడు. వ్యాగనులో ఏ సరుకు పక్కన ఏ సరుకు ఉండకూడదో తెలిసినవాడని ఆ పదవి ఇచ్చారు. ఇంగ్లీషు పుస్తకాల్లోని కంపాటిబిలిటీ అన్న మాటకు తెలుగేమిటని సంఘంలో సుదీర్ఘ చర్చ జరిగి, అరవంలో పొరుత్తమంటారు కాబట్టి తెలుగులో పొంతన అని తీర్మానమైంది. వెయ్యి పొంతన పత్రాలు కావాలని ప్రెస్సుకు కబురు పోయింది. పొంతన పత్రమంటే ఏమిటో తెలియని ప్రెస్సువాడు మదరాసులో ఉండడు. పెళ్ళి జాతకాల కోసం అప్పటికే కూర్చి ఉన్న అచ్చుతో వెయ్యి వేసి, పైన పసుపు రాసి పంపాడు. గోత్రం, నక్షత్రం, రాశి, గణం అన్న గళ్ళు చూసి సంఘం కొంత కలవరపడింది. అయితే వెయ్యి కాగితాలు వృథా చేయడం కన్నా చేపలను కాగితానికి సరిపడేలా సర్దడం మేలని నిర్ణయించింది.

అమలులో పెద్ద ఇబ్బంది రాలేదు. కొన్ననాటి నక్షత్రమే చేప జన్మనక్షత్రం. రాశి గడిలో చేపలన్నింటికీ మీనం; నత్తలకు కర్కాటకం. గణం చేపను చూసి కమిటీ నిర్ణయిస్తుంది. పదింటికి ఆరు పొంతనలు కుదిరితే ముద్ర పడుతుంది. అప్పటికి రెండేళ్ళుగా సంఘం ఇచ్చిన పత్రాల మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. (ఫిర్యాదు చేయవలసినవి అప్పటికే మరొకదాని కడుపులో ఉండేవి.)

వరదయ్య పత్రం దగ్గర కోదండరాం చాలాసేపు ఆగాడు.

"ఆరుగురూ ఒకటే గోత్రమా సార్?"

ఆరూ ఒకే జాతి అని, గుంపుగా ఉంటేనే బతుకుతాయని, విడదీస్తే బెదిరి మేత మానేస్తాయని వరదయ్య వివరించాడు. ఒక రకాన్ని ఒంటరిగా, పరాయివాళ్ళ మధ్య పెట్టడమే అసలైన క్రూరత్వమన్నాడు. కోదండరాం అంతా మర్యాదగా విన్నాడు.

"మీరు చెప్పేది బుక్కులో కరెక్టే సార్. ఈడ సగోత్రం ఒకే తొట్టిలో ఒప్పుకోరు. రేపు గుడ్లు పెడితే ఎవురు జవాబు చెప్పేది?"

పక్క కుర్చీలోని సభ్యుడు, ఆరింటిలో ఐదింటిని వదిలేసి, వేరు గోత్రం కనక ఒక పెద్ద ఏంజిల్ చేపను పెట్టుకొమ్మని సూచించాడు. ఏంజిల్‌కూ గప్పీలకూ తొమ్మిది పొంతనలు కుదిరిన తొట్టి కార్యదర్శిగారి ఇంట్లోనే ఉందని, గప్పీలు ప్రస్తుతం కనిపించడం లేదని, అయినా తొట్టి ప్రశాంతంగా ఉందని చెప్పాడు.

కోదండరాం గొంతు తగ్గించి ఒక దారి చూపించాడు. "మీ కులంలో నూటరెండు గోత్రాలు ఉండాయి గదా సార్. ఆరు ఎత్తి ఇయ్యండి. ఎవురు అడగతారు?"

వరదయ్య జీవితంలో ప్రయోగ ఫలితాన్ని ఎన్నడూ దిద్దినవాడు కాదు. విద్యార్థులు దిద్దితే సున్నా వేసినవాడు. అయితే ఇది ఫలితం కాదు, కాగితం. పత్రంలోని అబద్ధం తొట్టిలోని నిజాన్ని మార్చదని ఆయన మనసుకు సమాధానం చెప్పుకున్నాడు. (ఈ వాక్యం ఆయనకు మళ్ళీ అవసరమైంది.) ఆరు గోత్రాలు చెప్పాడు. ఆరు సుమంగళులూ ఆ సాయంత్రం నుంచి ఆరు కోమటి ఇళ్ళ ఆడపడుచులయ్యాయి. ముద్ర పడింది, బిందె వచ్చింది.

తొట్టి కుదురుకుంది. గౌరామి జత పైన తిరిగింది. జెల్లలు మీసాలతో అడుగు వెతికాయి. సుమంగళులు ఒక్క మాట మీద ఉన్నట్టు అన్నీ ఒకేసారి ఇటు తిరిగి ఒకేసారి అటు తిరిగాయి. వరదయ్యకు అవి నల్లని మసకలుగా మాత్రమే కనిపించేవి. అయినా కదిలే మసకలను లెక్కపెట్టుకొని తృప్తి పడేవాడు. వారాలు గడిచాయి. ఒక్క చేపా చావలేదు. తన సూత్రం నిలిచిందని ఆయన గర్వించాడు.

ఆ గర్వంలో ఆయన గమనించనిది ఒకటుంది. వీధి వాసవాంబను పరామర్శించడం మొదలుపెట్టింది.

సంఘం పత్రాలు పొందిన ఇతర ఇళ్ళలో చేపలు క్రమం తప్పకుండా చస్తున్నాయి. చచ్చిన ప్రతి ఇంటా ఒక కీడు తీరిపోతోంది. ఒకరి కోర్టు కేసు వాయిదా పడింది. ఒకరి అత్తగారు ఊరికి పోయింది. తొమ్మిది గప్పీలు పోయిన కోదండరాం ఇంట్లో, ఎప్పుడో రావలసిన ప్రమాదాలు తొమ్మిది రాకుండా పోయాయి. అవేమిటో ఆయన ఒక్కొక్కటే గుర్తు చేసుకొని చెప్పేవాడు. అటువంటి వీధిలో నీళ్ళ లారీ దగ్గర నిలబడితే వాసవాంబను అందరూ జాలిగా చూసేవారు. పక్కింటి రాసాత్తి ఆమె బిందె దించడానికి చేయి వేసి, గొంతు తగ్గించి అడిగేది.

"ఇంకా ఒకటి కూడా పోలేదా అక్కా?"

వాసవాంబ తల అడ్డంగా ఆడించేది. "సుమ్మా, ఊరికే తిరగతానే ఉండాయి" అనేది. రాసాత్తి నిట్టూర్చి, దేవుడు కన్ను తెరవకపోతాడా అని ధైర్యం చెప్పేది.

ఆసుపత్రి కార్డు వచ్చింది. వచ్చే బుధవారం. వరదయ్య కార్డును చేత్తో తడిమి, కలం తెచ్చి, సమ్మతి కాగితంతో పాటు భార్య ముందు పెట్టాడు. ఆమె కలం ముట్టుకోలేదు.

"ఒక్క చేపన్నా పోనీండి. ఆ దినమే పెడతా."

వరదయ్య మొదట తర్కం చెప్పాడు. చేప ప్రాణానికీ తన కంటి పొరకూ మధ్య కార్యకారణ సంబంధం ఏమిటని అడిగాడు. తరువాత నిబంధన చెప్పాడు. తేదీ తప్పితే తన పేరు ఎక్కడికి పోతుందో చెప్పాడు. చివరికి, తాను పొసగే చేపలను ఎంపిక చేయడమే ఇంట్లో తన మీద నేరమైందా అని కొంచెం కోపంగా అన్నాడు.

"మీరు రొంబ బాగా చేసినారు" అంది వాసవాంబ. "అందుకేదా భయం. అవి తమ పాటికి బాగుండాయి. మీకు రావలసింది వస్తే, ఈడ పట్టుకునేదానికి ఎవురుండారు?"

మరునాడు ఆమె ఒక్కతే బస్సెక్కి మూర్ మార్కెట్టుకు పోయింది. అంతోని దుకాణంలో నిలబడి, రౌడీ చేప ఉందా అని అడిగింది.

"రౌడీనా? నా కాడ అంతా సాధువులే గదమ్మా."

"కోదండరాం ఇంట్లో తొమ్మిది గప్పీలను మింగింది నీ సాధువే గదా?"

"అది సాధువేనమ్మా. గప్పీలే మరీ చిన్నవి."

వాసవాంబ విషయం చెప్పింది. కళ్ళ ఆపరేషను అనగానే అంతోని గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. దుకాణంలోని ప్రతి సీసానూ కొత్తగా చూశాడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో చెడ్డచేపను వెతకవలసి రావడం అతనికి ఇదే మొదలు. మూల తొట్టిలోంచి పెద్ద నోరు, ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడ, ఒంటి నిండా మచ్చలు ఉన్న ఒక సిక్లిడ్ చేపను తీసి సంచిలో వేశాడు.

"దీన్ని సాధువని చెప్పనమ్మా" అన్నాడు. "ఏమీ చెప్పను."

తొట్టిలో కొత్తవారు చేరితే కొత్త పత్రం కావాలి. కోదండరాం లెక్క వేశాడు. గోత్రం వేరు, నక్షత్రం అనుకూలం, నోటి కొలత గడి పత్రంలో లేదు. పదింటికి తొమ్మిది కుదిరాయి. ఇంత మంచి పొంతన ఆ ఏట పడలేదని ఆయన ముద్ర వేస్తూ అభినందించాడు.

సిక్లిడ్ తొట్టిలోకి దిగి సుమంగళుల వైపు చూసింది. సుమంగళులు మూలకు పోయాయి. వాసవాంబ కళ్ళు మూసుకుంది. కాసేపటికి తెరిచి చూస్తే, అది నోరు తెరిచి మూస్తూ ఆమె వైపే చూస్తోంది.

ఇక్కడ ఆమె ఒక పొరపాటు చేసింది. అది ఆ ఇంటివాళ్ళు తప్ప ఎవరూ చేయని పొరపాటు. ఆకలితో ఉన్న ప్రాణి ఎదురుగా ఉంటే ఆమెకు తన అన్నం సహించదు. హంతకుడే కావచ్చు, మొదటిసారి ఇంటికి వచ్చినవాడు. ఒక ఇడ్లీ ముక్క తుంచి వేసింది. చేప తినింది. ఇంకొక ముక్క వేసింది. మధ్యాహ్నం పప్పన్నం మెతుకులు, సాయంత్రం మురుకు పొడి వేసింది. మూడోనాటికి సిక్లిడ్ వేళకు గాజు దగ్గరికి వచ్చి నిలబడడం నేర్చింది. పొట్ట బరువుకు అడుగున జెల్లల పక్కన కూర్చునేది. సుమంగళులు మూల వదిలి దాని వీపు మీదుగా తిరిగాయి. మాంసం ముట్టని ఇంట్లో అది కూడా ముట్టడం మానేసింది.

తొట్టిలో ఒక కొత్త మసక చేరిందని వరదయ్యకు తెలియదు. అదొక రాయి అనుకున్నాడు. సోమవారం ఉదయం ఆయన నడవలోకి వస్తూ ఉంటే వాసవాంబ గొంతు వినిపించింది. రాయితో మాట్లాడుతోంది.

"ఏమిరా, నిన్నెందుకు తెచ్చినా? మూడు పూటలా ఇడ్లీ తినేదానికా? ఒకటి. ఒక్కటంటే ఒక్కటి. పాపం నాకు రానీ, నీకొద్దు. ఆయనకు కండ్లు పోతే ఆ బుక్కులన్నీ ఎవురు చదివి చెప్పేది? నాకు చదువు రాదే. సంతకం దాకానే వచ్చు. ఆ సంతకం పెట్టి, ఏమన్నా అయితే, పెట్టింది నేనే గదరా."

వరదయ్య గుమ్మం పట్టుకొని నిలబడ్డాడు. అప్పటిదాకా ఆయన తన ప్రయోగంలో చేపలను లెక్కించాడు, నోళ్ళను కొలిచాడు, నీటి అంతస్తులను విభజించాడు. ఈ ఒక్క అంశం లెక్కలోకి తీసుకోలేదు. ఆమె ఇంకొక ఇడ్లీ ముక్క వేసి లోపలికి వెళ్ళింది. ఆయన అడుగుల చప్పుడు కాకుండా వెనక్కి నడిచాడు.

మంగళవారం ఉదయం వాసవాంబ లారీ కోసం వీధిలో ఉండగా, వరదయ్య టీ వడపోసే జల్లెడతో తొట్టి దగ్గర నిలబడ్డాడు. మేత చల్లితే మసకలు పైకి వచ్చాయి. మొదట నత్త దొరికింది. తరువాత నాచు వచ్చింది. ఆ తరువాత జల్లెడలో ఏదో నల్లగా ఎగిరింది. దాన్ని నీళ్ళు పోసిన హార్లిక్స్ సీసాలో వేసి, సీసాను తువ్వాలులో చుట్టి, గోడలు తడుముకుంటూ మండీ మీది మేడగదికి చేరాడు.

కోదండరాం సీసాను చూశాడు. ఎందుకు, ఎక్కడిది అని అడగలేదు. పత్రం ఉందా అని అడిగాడు. ఒక్క చేపకు ఎవరితో పొంతన చూస్తారని వరదయ్య అన్నాడు. అది నిజమేనని కార్యదర్శి పత్రం తీసి, రెండవ పక్షం అన్న చోట అడ్డగీత గీసి, బ్రహ్మచారి అని రాశాడు. సీసాను తన బల్ల మీద పెట్టుకున్నాడు.

వాసవాంబ బిందెతో వచ్చేసరికి వరదయ్య తొట్టి పక్కన కుర్చీలో కూర్చొని ఉన్నాడు. జీవితంలో ఇదివరకు చెప్పని రకం వాక్యం ఒకటి చెప్పాడు.

"చేప ఒకటి పోయింది. మునగచెట్టు మొదట్లో పూడ్చినాను."

ఆమె బిందె దించలేదు. "ఏది?"

"సుమంగళి."

ఆమె తొట్టిలోకి చూసి లెక్కపెట్టింది. ఐదు. తరువాత చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"పుణ్యవతి" అంది. "ముందు పోయింది."

ఆ నీళ్ళతోనే తలస్నానం చేసి, దీపం పెట్టి, సమ్మతి కాగితం తెమ్మంది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ తన పేరు రాసింది. కాగితం చివర చోటు చాలక ఆఖరి అక్షరం కొంచెం కిందికి దిగింది.

బుధవారం ఆపరేషను జరిగింది. కట్టు విప్పాక వరదయ్యకు మొదట వైద్యుడి చొక్కా గుండీలు, తరువాత గోడ మీది పటంలో కింది వరుస అక్షరాలు కనిపించాయి. సీసా అడుగంత మందం అద్దాలు పెట్టుకొని ఇంటికి వచ్చాడు. నడవలోని తొట్టిని చూశాడు. తాను రాయి అనుకున్నది నోరు తెరుచుకొని ఆయన వైపు ఈదుకొచ్చింది. దాని దవడను, మచ్చలను, పొట్టను ఆయన ఆసక్తిగా పరిశీలించాడు. దాని గురించి వాసవాంబను ఏమీ అడగలేదు. ఆమె కూడా మునగచెట్టు గురించి ఏమీ అడగలేదు.

కార్తీకంలో వానలు పడ్డాక సంఘం సర్వసభ్య సమావేశం మండీ మీది మేడగదిలో జరిగింది. చేప చావుకూ గృహస్థుల క్షేమానికీ ఉన్న సంబంధాన్ని అధికారికంగా గుర్తించాలన్న తీర్మానం ముందుకొచ్చింది. ఇంతకు మునుపు సాక్ష్యం చెప్పినవాళ్ళందరూ నమ్మేవాళ్ళే కనక వారి మాటకు అంత విలువ లేదని, నమ్మనివాడి సాక్ష్యం ఒకటి చాలునని కోదండరాం వివరించాడు. వరదయ్యను లేచి నిలబడమన్నాడు. కార్యదర్శి బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా హార్లిక్స్ సీసా పెట్టి ఉంది. ఎదుటి వరుసలో ఆడవాళ్ళ వైపు వాసవాంబ, పక్కన రాసాత్తి కూర్చున్నారు.

"ఆపరేషనుకు ముందు దినం మీ ఇంట్లో చేప పోయింది నిజమేనా సార్?"

వరదయ్య కొత్త అద్దాల్లోంచి సీసాను చూశాడు. దాని వెనక వాసవాంబను చూశాడు. ఇద్దరూ చాలా స్పష్టంగా కనిపించారు.

"నిజమే" అన్నాడు.

"కన్ను బాగా కనిపిస్తా ఉండాదా?"

"బాగా కనిపిస్తోంది."

తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. హేతువాది శ్రీ వరదయ్యగారి సాక్ష్యంతో విషయం నిస్సందేహంగా రుజువైనట్టు మినిట్సులో రాసుకున్నారు.

సభ ముగిశాక సభ్యులకు ఇడ్లీ, కాఫీ ఇచ్చారు. వాసవాంబ తన ఇడ్లీలోంచి చిటికెడు తుంచి, కార్యదర్శి బల్ల దగ్గరికి వెళ్ళి, సీసాలో వేసింది. చేప తినింది.